వెదర్ స్టేషన్ డేటా ఒక ఆన్‌లైన్ సేవ నుంచి ఇంకోదానికి దానంతట అదే వెళ్ళాలంటే?

వానచుక్క · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా వెదర్ స్టేషన్ పెట్టి మూడేళ్ళయింది. దాని కన్సోల్ (సెన్సార్ల రీడింగులు అందుకునే పెట్టె) 5 నిమిషాలకోసారి వైఫై మీద తయారీదారు క్లౌడ్‌కి రీడింగులు పంపుతుంది, అంతటితో దాని పని అయిపోతుంది. అవే రీడింగులు ఇంటి స్టేషన్ల డేటాని పటం మీద చూపే వెదర్ అండర్‌గ్రౌండ్‌కీ, మామూలు జనం స్టేషన్ల రీడింగులు సేకరించే సీడబ్ల్యూఓపీకీ, నా సొంత డేటాబేసుకీ కూడా చేరాలని నా కోరిక.

ఇన్నాళ్ళూ చేత్తోనే చేస్తున్నాను. రోజూ పడుకునే ముందు క్లౌడ్ నుంచి సీఎస్‌వీ ఫైలు దించుకోవడం, కాలమ్‌ల పేర్లు మార్చడం, నా పట్టికలో అతికించడం. మధ్యలో జ్వరం వచ్చి కొన్ని వారాలు ఆ పని సాగలేదు. సరిగ్గా అప్పుడే ఈ ఏడాదిలోకెల్లా పెద్ద వాన పడింది. లేచి ఫైలు దించబోతే, పాత రోజుల రీడింగులను ఆ క్లౌడ్ అరగంట సగటులుగా కుదించేసి ఉంది. ఆ వాన ఏ నిమిషంలో ఎంత జోరుగా కురిసిందో చెప్పే అంకెలు ఇక ఎక్కడా లేవు. ఆ బాధ ఇంకా పోలేదు.

పైథాన్ కొద్దిగా వచ్చు. సర్వర్లు నడిపిన అనుభవం లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

గాలిమర · సోమవారం రాత్రి 10:15

పైథాన్ వస్తే చాలండి. తయారీదారు క్లౌడ్‌కి ఏపీఐ (ప్రోగ్రాంలు డేటా అడిగే దారి) ఉంటే 5 నిమిషాలకోసారి దాన్ని అడగడం, జేసాన్ అనే రూపంలో వచ్చిన జవాబు విప్పడం, అవతలి సేవకి తగ్గట్టు మార్చి పంపడం. ఈ స్క్రిప్టును క్రాన్‌లో (వేళకి ప్రోగ్రాంలు నడిపే ఏర్పాటులో) పెట్టేస్తే అదే తిరుగుతుంటుంది.

వెదర్ అండర్‌గ్రౌండ్‌కి పంపడం తేలిక. స్టేషన్ ఐడీ, దాని కీ, కొలిచిన సమయం, రీడింగులు అన్నీ ఒకే యూఆర్ఎల్‌లో పేర్చి ఒక గెట్ రిక్వెస్టు పంపితే చాలు. తీసుకుంటే 'సక్సెస్' అనే మాట తిరిగొస్తుంది. ఆ జవాబు చదవకుండా వదిలేయకండి. కీ తప్పయితే ఆ సంగతి కూడా అక్కడే రాసి ఉంటుంది. ఐడీ, కీ రెండూ స్క్రిప్టులో రాయకుండా వేరే ఫైల్లో ఉంచుకోండి, రేపు స్క్రిప్టు ఎవరికైనా ఇస్తే వాటితో సహా ఇచ్చినట్టవుతుంది.

తూనీగ · సోమవారం రాత్రి 11:02

గాలిమర గారూ, మీరు చెప్పిన దారి పని చేస్తుంది, కాదనను. కానీ వానచుక్క గారి బాధ ఎక్కడ మొదలైందో చూడండి. ఆయన డేటాకి ఉన్న ఒకే ఒక్క అసలు ప్రతి వేరేవాళ్ళ దగ్గర ఉంది. ఆ క్లౌడ్ నుంచే మళ్ళీ లాగి ఇంకోచోటికి పంపితే అది గొలుసు అవుతుంది. మొదటి లంకె తెగితే వెనకున్నవన్నీ ఆగిపోతాయి. కొన్ని సేవల్లో ఉచిత ఖాతాకి పాత రీడింగులు ఏపీఐలో రావు కూడా. డేవిస్ వెదర్‌లింక్‌లో ఉచిత స్థాయిలో క్లౌడ్‌కి 15 నిమిషాలకోసారే డేటా ఎక్కుతుంది, పాత రికార్డులు ఏపీఐలో కావాలంటే చందా కట్టాలి. వెదర్ అండర్‌గ్రౌండ్ కూడా ఒకప్పుడు అందరికీ ఇచ్చిన ఉచిత ఏపీఐని 2018 చివర్లో ఆపేసింది. ఆ తర్వాత స్టేషన్ డేటా పంపేవాళ్ళకే కీ ఇస్తోంది. నియమాలు మారడం వాళ్ళ ఇష్టం, మనకి చెప్పుకునే హక్కు లేదు.

అందుకే గొలుసు కాకుండా కొమ్మలు వేయమంటాను. కన్సోల్ దగ్గరే రీడింగు పట్టుకుని, ముందు మీ డేటాబేసులో రాసి, అక్కణ్ణుంచి ఎన్ని చోట్లకి కావాలంటే అన్ని చోట్లకి విడివిడిగా పంపండి. ఒక కొమ్మ ఎండినా మిగతావి పచ్చగానే ఉంటాయి.

పట్టుకునే మార్గం పరికరాన్ని బట్టి మారుతుంది. ఈకోవిట్ గేట్‌వేలలో (సెన్సార్ల రీడింగులను నెట్‌కి అందించే పెట్టెల్లో) 'కస్టమైజ్డ్' అనే సెట్టింగు ఉంది. అందులో మీ సొంత కంప్యూటర్ చిరునామా, పోర్టు, ఎన్ని సెకన్లకోసారి అన్నది ఇస్తే నేరుగా అక్కడికే పోస్ట్ చేస్తుంది. డేవిస్ వాళ్ళ వెదర్‌లింక్ లైవ్ అనే పెట్టె అయితే ఇంటి నెట్‌వర్క్‌లోనే అడిగితే జేసాన్ ఇస్తుంది, గాలి, వాన వివరాలు 2.5 సెకన్లకోసారి యూడీపీలో కూడా ప్రసారం చేస్తుంది. ఇలాంటివేవీ లేని పాత కన్సోళ్ళు తయారీదారు సర్వర్‌కి పంపే రిక్వెస్టును ఇంటి రూటర్‌లో డీఎన్ఎస్ (సర్వర్ పేరుకి చిరునామా చెప్పే జాబితా) మార్చి మనవైపు మళ్ళించుకోవచ్చు. అవి మామూలు హెచ్‌టీటీపీ వాడుతుంటేనే ఇది కుదురుతుంది, గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ అయితే కుదరదు.

ఇదంతా మీరే రాయాల్సిన పని లేదు. వీవెక్స్ అనే ఉచిత ప్రోగ్రాం పైథాన్‌లోనే ఉంది. రీడింగులు ఎస్‌క్యూలైట్‌లో దాచి, మీరడిగిన రెండు చోట్లకీ పంపుతుంది.

మబ్బుతునక · మంగళవారం ఉదయం 6:30

తూనీగ గారి మాటే నాదీ. రెండేళ్ళుగా వీవెక్స్ 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది.

గాలిమర · మంగళవారం ఉదయం 7:10

ఇంట్లో ఎప్పుడూ వెలుగుతూ ఉండే కంప్యూటర్ అందరికీ ఉండదు కదండీ. కొందరి స్టేషన్ ఒకచోట, మనిషి ఇంకోచోట. కరెంటు పోతే ఆ పై కూడా పోతుంది. అలాంటివాళ్ళకి క్లౌడ్ నుంచి క్లౌడ్‌కి పంపడమే మిగిలిన దారి. నేను ఒప్పుకునేది ఒక్కటి: అలా చేసేవాళ్ళు కూడా వచ్చిన జేసాన్‌ను వచ్చినట్టే ఒక ఫైల్లో దాచుకోవాలి, ఆ తర్వాతే మార్పులు మొదలుపెట్టాలి. మార్చడంలో తప్పు జరిగితే అసలు కాగితం చేతిలో ఉంటుంది.

తూనీగ · మంగళవారం ఉదయం 7:25

ఆ చివరి మాటకి నూటికి నూరుపాళ్ళు.

పాదరసం · మంగళవారం మధ్యాహ్నం 1:50

డేటా పంపడం కంటే కొలతలు మార్చడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వెదర్ అండర్‌గ్రౌండ్ ఫారన్‌హీట్, అంగుళాలు, గంటకు మైళ్ళు అడుగుతుంది. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు, పాదరసం ఒక అంగుళం 33.864 హెక్టాపాస్కల్స్, సెకనుకు ఒక మీటరు అంటే గంటకు 2.237 మైళ్ళు. ఇక్కడిదాకా చిక్కేమీ లేదు. సీడబ్ల్యూఓపీకి పంపే సందేశంలో, అంటే ప్యాకెట్‌లో మాత్రం ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో, గాలి మైళ్ళలో, వాన అంగుళంలో నూరో వంతుల్లో, పీడనం హెక్టాపాస్కల్‌లో పదో వంతుల్లో ఉంటాయి. అంటే 1013.2 పీడనాన్ని 10132 అని రాయాలి. తేమకి రెండే అంకెల చోటు, అందుకని 100 శాతాన్ని 00 అని రాస్తారు. ఇది తెలియక నిండు మంచులో ఉన్న స్టేషన్‌ను ఎండిపోయిన ఎడారి అనుకునే ప్రోగ్రాంలు రాసినవాళ్ళున్నారు.

వీవెక్స్‌లో కూడా ఒక సంగతి గమనించండి. అందులో మెట్రిక్ పద్ధతులు రెండున్నాయి. 'మెట్రిక్' అన్నదాంట్లో వాన సెంటీమీటర్లలో, గాలి గంటకు కిలోమీటర్లలో ఉంటుంది. 'మెట్రిక్‌డబ్ల్యూఎక్స్' అన్నదాంట్లో మిల్లీమీటర్లు, సెకనుకు మీటర్లు. డేటాబేసు మొదలెట్టేటప్పుడే ఏది కావాలో తేల్చుకోండి, మధ్యలో మార్చడం పెద్ద తలనొప్పి.

అన్నిటికంటే ముఖ్యం పీడనం. మీ సెన్సార్ కొలిచేది మీరున్న ఎత్తులోని పీడనం. బయటి సేవలు అడిగేది సముద్రమట్టానికి సవరించినది. 500 మీటర్ల ఎత్తులో మామూలు రోజున సెన్సార్ 955 హెక్టాపాస్కల్స్ దగ్గర చూపిస్తుంది. దాన్ని అలాగే పంపితే, పటం మీద మీ ఊరి నడినెత్తిన తీవ్ర తుఫాను కన్ను ఉన్నట్టు కనిపిస్తుంది. సీడబ్ల్యూఓపీకి కావలసింది ఆల్టిమీటర్ సెట్టింగ్, అది ఎత్తును బట్టి మాత్రమే సవరించినది. ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకునే సముద్రమట్ట పీడనం వేరు. ఎత్తయిన చోట్ల ఈ రెండింటికీ కొన్ని హెక్టాపాస్కల్స్ తేడా వస్తుంది. కాబట్టి డేటాబేసులో సవరించని పీడనమే దాచండి, సవరణ పంపేటప్పుడు చేయండి.

ఇంకొకటి, ప్యాకెట్‌లో స్టేషన్ ఉన్న చోటు. అక్కడ రాయాల్సింది డిగ్రీలు, నిమిషాలు. 40.25 డిగ్రీలంటే 40 డిగ్రీల 15 నిమిషాలు, 4015.00 అని రాయాలి. 4025.00 అని రాస్తే మీ స్టేషన్ 18 కిలోమీటర్ల అవతల తేలుతుంది.

ఉత్తరపుగాలి · మంగళవారం రాత్రి 8:20

పాదరసం గారు కొలతల సంగతి చెప్పారు, నేను గడియారం సంగతి చెబుతాను. ప్రతి రీడింగుకీ రెండు సమయాలుంటాయి: కొలిచిన సమయం, చేరిన సమయం. నెట్ బాగున్నంతసేపూ రెండూ ఒకటే అనిపిస్తాయి. నెట్ పోయి తిరిగొచ్చిన రోజున తేడా బయటపడుతుంది. వెదర్ అండర్‌గ్రౌండ్‌లో సమయం బదులు 'ఇప్పుడు' అని అర్థం వచ్చే 'నౌ' అనే మాట పంపినా తీసుకుంటుంది. ఆ సౌకర్యం వాడకండి. అర్ధరాత్రి కొలిచిన చలి, నెట్ వచ్చిన ఉదయం పదింటికి నమోదవుతుంది. అంకె నిజమే, కానీ రికార్డు అబద్ధం.

దాచేదీ పంపేదీ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలోనే ఉండాలి. స్థానిక సమయం తెర మీద చూపించేటప్పుడు మాత్రమే. వేసవిలో గడియారం జరుపుకునే ప్రాంతాల్లో ఏటా ఒక రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయంతో దాస్తే ఆ గంటలో ఏ రీడింగు ముందుదో, ఏది వెనకదో చెప్పలేరు. యూటీసీతో తేడా ఎప్పుడూ పూర్తి గంటల్లోనే ఉంటుందనీ అనుకోకండి, అరగంట, ముప్పావుగంట తేడాలున్న ప్రాంతాలూ ఉన్నాయి.

ఒక్క మినహాయింపు రోజు మొత్తం వాన. వెదర్ అండర్‌గ్రౌండ్ అడిగే రోజు వాన స్థానిక అర్ధరాత్రి నుంచి లెక్క. సమయం యూటీసీలో, రోజు మాత్రం స్థానికం.

మబ్బుతునక గారూ, మీ పైలో గడియారానికి బ్యాటరీ ఉందా? రాస్ప్‌బెర్రీ పైలలో 5వ తరం వచ్చేవరకూ సొంత గడియారం చిప్ లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్ కూడా లేకపోతే పాత సమయంతోనే లేస్తుంది, ఆ సమయంతోనే రీడింగులు రాసేస్తుంది.

మబ్బుతునక · మంగళవారం రాత్రి 9:05

లేదండీ! పోయినేడు నా పట్టికలో ఒకే గంట రెండుసార్లు కనిపించింది, ఎందుకో అంతు చిక్కలేదు. ఇప్పుడు అర్థమైంది. గడియారం మాడ్యూల్ పెడతాను, సమయం సరిపోలాకే వీవెక్స్ మొదలయ్యేలా కూడా మారుస్తాను.

వానచుక్క · శనివారం సాయంత్రం 5:30

అందరికీ చాలా రుణపడి ఉన్నాను. తూనీగ గారు చెప్పినట్టు గేట్‌వే నుంచి నేరుగా నా పాత ల్యాప్‌టాప్‌కి వచ్చేలా పెట్టాను. పంపే భాగం నేర్చుకోవాలని నేనే రాశాను. స్క్రిప్టు నడుస్తోంది, కానీ ఇల్లు అలకగానే పండగ కాదని తెలిసొచ్చింది. రెండు వింతలు:

నిన్న జల్లు పడినప్పుడు గంట వాన 2.4 అంగుళాలని పటంలో వచ్చింది. అదే సమయానికి రోజు మొత్తం వాన 0.31 అంగుళాలు. గంటలో పడింది రోజులో పడినదానికంటే ఎక్కువ ఎలా అవుతుంది?

రెండోది, తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఉన్నట్టుండి మైనస్ 17.8 డిగ్రీలకి పడిపోయి 20 నిమిషాల తర్వాత లేచింది.

తూనీగ · శనివారం సాయంత్రం 6:10

మొదటిది వాన వేగం. కన్సోల్ ఇచ్చే ఫీల్డుల్లో 'రేట్' అని ఒకటుంటుంది. ఇదే జోరుతో గంటసేపు పడితే ఎంత అవుతుందన్న అంచనా అది. మీరు దాన్ని వెదర్ అండర్‌గ్రౌండ్‌లోని గంట వాన గడిలో పంపారు. ఆ గడికి కావలసింది గడిచిన 60 నిమిషాల్లో నిజంగా పడిన వాన. రెండింటి ప్రమాణాలూ ఒకేలా కనిపించడం వల్ల చాలామంది ఇక్కడే పొరబడతారు. గంట వాన రోజు వానని మించితే పంపకుండా ఆపే ఒక తనిఖీ కూడా రాసుకోండి.

ఉత్తరపుగాలి · శనివారం సాయంత్రం 6:40

ఆ తనిఖీని కొంచెం సవరించాలండి. అర్ధరాత్రి దాటి పది నిమిషాలైతే రోజు వాన సున్నా నుంచి మొదలై ఉంటుంది, గంట వానలో మాత్రం నిన్నటి 50 నిమిషాలు కూడా ఉంటాయి. అప్పుడు గంటది రోజుదాన్ని మించడం సబబే. స్థానిక సమయం ఒంటిగంట దాటాకే ఆ నియమం పెట్టాలి. లేకపోతే అర్ధరాత్రి వానలన్నీ మీ తనిఖీలోనే ఆగిపోతాయి.

తూనీగ · శనివారం సాయంత్రం 6:45

నిజమే. దిద్దినందుకు సంతోషం.

మబ్బుతునక · శనివారం రాత్రి 8:00

రెండోదానికి జవాబు నా దగ్గరుంది. మైనస్ 17.8 సెల్సియస్ అంటే సరిగ్గా 0 ఫారన్‌హీట్. మీ సెన్సార్ సిగ్నల్ 20 నిమిషాలు తప్పింది, విలువ ఖాళీగా వచ్చింది, ఖాళీని మీ స్క్రిప్టు సున్నాగా మార్చి పంపింది. లేని రీడింగుని లేదనే చెప్పాలి. యూఆర్ఎల్‌లో ఆ ఫీల్డుని అసలు పెట్టకండి, డేటాబేసులో 'నల్' ఉంచండి.

దీన్ని దిద్దేటప్పుడు జాగ్రత్త. 'విలువ ఉంటేనే పంపు' అని పైథాన్‌లో అలవాటుగా ఇఫ్ రాస్తే, నిజమైన సున్నా కూడా 'లేదు' కిందే పోతుంది. వాన పడని రోజు వాన సున్నా. గాలి ఆగినప్పుడు వేగం సున్నా. ఇవి కొలిచి తెలుసుకున్న సున్నాలు, వీటిని పంపాల్సిందే. విలువ 'నన్' (పైథాన్‌లో 'ఏమీ లేదు' అని చెప్పే మాట) కాదా అని మాత్రమే చూడండి.

గాలి దిక్కు సగటు తీసేటట్టయితే ఇంకో మాట. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు, వీటి మామూలు సగటు 180. ఉత్తరపు గాలి కాస్తా దక్షిణపు గాలి అయిపోయింది! సైను, కొసైను విడివిడిగా కూడి, ఆ రెండు మొత్తాల నుంచి దిక్కు తీయాలి.

చిగురుటాకు · ఆదివారం ఉదయం 10:20

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా వీధిలో ఇంకొకరి స్టేషన్ రీడింగులు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి. వాటిని నేను లాగి సీడబ్ల్యూఓపీకి పంపవచ్చా? ఆయనకి ఆసక్తి లేదు, డేటా వృథా అవుతోందని.

తూనీగ · ఆదివారం ఉదయం 11:00

ఆయన్ని అడగకుండా వద్దు. కనిపించడం వేరు, తిరిగి పంచడానికి అనుమతి ఉండటం వేరు. ఆ సేవ నిబంధనల్లో ఏముందో కూడా చదవాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సీడబ్ల్యూఓపీకి చేరిన రీడింగులు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా నడిపే మాడిస్ వ్యవస్థకి వెళ్తాయి. అక్కడ నాణ్యత తనిఖీల్లో ఒకటి ఇరుగుపొరుగు స్టేషన్లతో పోల్చడం. ఒకే సెన్సార్ రీడింగులు రెండు పేర్లతో చేరితే, తప్పుగా కొలుస్తున్న సెన్సార్‌కి తనే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ఆయన ఒప్పుకుంటే ఆయన పేరు మీదే నమోదు చేసి, పంపే పని మీరు చూసుకోండి. హ్యామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు లేనివాళ్ళకి కూడా అక్కడ ఐడీ ఇస్తారు.

వానచుక్క · ఆదివారం రాత్రి 9:15

రెండు తప్పులూ దిద్దాను. ఇక నెట్ పోయినప్పటి సంగతి. ఇప్పుడు పంపడం విఫలమైతే ఆ రీడింగు నా డేటాబేసులో ఉంటుంది కానీ బయటి సేవలకి ఎప్పటికీ చేరదు.

తూనీగ · ఆదివారం రాత్రి 10:30

ప్రతి గమ్యానికీ 'ఇంతవరకు పంపాను' అని ఒక గుర్తు డేటాబేసులో పెట్టుకోండి. స్క్రిప్టు లేచిన ప్రతిసారీ ఆ గుర్తు తర్వాతి రీడింగులను వరసగా పంపుతూ, అంగీకారం వచ్చాకే గుర్తుని ముందుకి జరపాలి. ఒకటి విఫలమైతే అక్కడే ఆగి ఒక నిమిషం, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా విరామం పెంచుకుంటూ మళ్ళీ ప్రయత్నించాలి. ఇబ్బందిలో ఉన్న సర్వర్ తలుపుని సెకనుకోసారి బాదడం ఎవరికీ మేలు కాదు.

పంపింది చేరి, దాని జవాబు మాత్రం దారిలో పోతే అదే రీడింగు రెండోసారి వెళ్తుంది. మీ డేటాబేసులో స్టేషన్, సమయం రెండూ కలిపి యునీక్ కీ పెడితే రెండో ప్రతి లోపలికి రాదు.

ఈ పాత బాకీ తీర్చడం వెదర్ అండర్‌గ్రౌండ్‌కి సరే. సీడబ్ల్యూఓపీకి వద్దు. అది తాజా రీడింగుల కోసం, పైగా ప్యాకెట్‌లో తేదీ, గంట, నిమిషమే ఉంటాయి, నెల ఉండదు. పాతబడినవి అక్కడ వదిలేయండి. దానికి 5 నిమిషాల కంటే తరచుగా పంపకండి. అందరూ గంట కొట్టినట్టు ఒకే సెకనులో పంపితే సర్వర్ మీద భారం పడుతుంది, కాబట్టి మీదైన ఒక నిమిషం, సెకను ఎంచుకోండి.

గాలిమర · ఆదివారం రాత్రి 10:50

క్రాన్‌లో ఒక స్క్రిప్టు ముగియకముందే రెండోది మొదలైతే రెండూ ఒకే బాకీని తీరుస్తాయి. ఒకటి నడుస్తోందని రెండోదానికి తెలిపే లాక్ ఫైలు తప్పనిసరి. ఆఖరి రీడింగు 20 నిమిషాల కంటే పాతదైతే మీకు సందేశం వచ్చేలా కూడా పెట్టుకోండి. ఆ కాపలా స్క్రిప్టు అదే ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు, ల్యాప్‌టాప్ ఆగితే అదీ ఆగుతుంది.

వానచుక్క · తర్వాతి వారం, బుధవారం రాత్రి 8:45

మీరు చెప్పినవన్నీ పెట్టాను. సోమవారం రాత్రి గాలివానకి నెట్ 7 గంటలు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, గేట్‌వే పవర్ బ్యాంకు మీద నడిచాయి. నెట్ తిరిగొచ్చాక నిలిచిపోయిన 84 రీడింగులూ వాటి వాటి సమయాలతో వెదర్ అండర్‌గ్రౌండ్‌కి చేరాయి. ఈసారి వాన ఎప్పుడు జోరందుకుందో, ఎప్పుడు సన్నగిల్లిందో 5 నిమిషాల లెక్కన మొత్తం నా దగ్గరుంది. దాన్ని గ్రాఫ్‌లో చూసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

ఒక్క చిన్న తేడా. నా డేటాబేసులో ఆ రోజు వాన 41.6 మిల్లీమీటర్లు. వెదర్ అండర్‌గ్రౌండ్‌లో 1.64 అంగుళాలు, అక్కణ్ణుంచి మళ్ళీ మిల్లీమీటర్లలోకి మారిస్తే 41.7. ఎక్కడైనా తప్పు చేశానా?

పాదరసం · బుధవారం రాత్రి 9:30

తప్పు లేదండి. 41.6ని 25.4తో భాగిస్తే 1.6378, రెండు దశాంశాలకి సవరిస్తే 1.64, తిరిగి గుణిస్తే 41.66. రానూపోనూ సవరణలో వచ్చిన తేడా అంతే. మీ వానమాపకంలో బుడ్డి ఒకసారి ఒరిగితే 0.2 మిల్లీమీటర్లు కదా? అంటే ఆ రోజు 208 సార్లు ఒరిగింది. పరికరం నిజంగా లెక్కపెట్టింది ఆ 208ని మాత్రమే, మిగతావన్నీ దానికి మనం చేసిన గుణకారాలు.

వానచుక్క · బుధవారం రాత్రి 9:42

అయితే ఒరిగిన సంఖ్యకి కూడా డేటాబేసులో ఒక కాలమ్ పెడుతున్నాను. గేట్‌వే ఇచ్చే మొత్తం నుంచి దాన్ని రాబట్టవచ్చు. రేపు వానమాపకాన్ని మళ్ళీ సరిచూసి 0.2 కాదు, 0.19 అని తేలినా పాత రోజులన్నీ తిరిగి లెక్కకట్టుకోవచ్చు.